నడిమి సూది

ఆ శుక్రవారం పొద్దున ప్రభాకరరావు వేసుకున్న లెక్కలో చిక్కేమీ లేదు. గోడౌనుకు పోతూ కూతురు ల్యాప్‌టాప్‌ను వెస్లీ షాపులో ఇవ్వాలి, మధ్యాహ్నం భోజనానికి వస్తూ బాగైనదాన్ని తీసుకురావాలి. పోయే దారే కాబట్టి పెట్రోలు దండగ లేదు. వచ్చే వేళే కాబట్టి పొద్దు దండగ లేదు. ఆయన దృష్టిలో మంచి పని అంటే అదే. ఇంకో పని వీపు మీద ఎక్కి టికెట్టు లేకుండా ప్రయాణం చేసే పని.

మార్కాపురంలో పలక రాయి వ్యాపారం చేసేవాళ్లలో ప్రభాకరరావుకు ఒక పేరుంది. రాతి బిళ్లను వేలి కణుపుతో కొట్టి, ఆ మోత విని, లోపల పగులుందో లేదో తేల్చేస్తాడు. తేల్చింది పైకి మాత్రం చెప్పడు. చెబితే ధర మారిపోతుంది. ఆయన తండ్రి పొదిలి సంతలో ఎద్దుల బేరగాడు. తువ్వాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని ధరలు తెంచే మనుషుల మధ్య పెరిగినవాడు ప్రభాకరరావు. నీ అవసరం ఎదుటివాడికి కనపడకూడదన్నది ఆయనకు తండ్రి నుంచి వచ్చిన ఆస్తి. దాన్ని సంత, గోడౌను, ఇల్లు అన్న తేడా లేకుండా అన్నిచోట్లా వాడుతూ వచ్చాడు.

ఉషారాణి ఆయనకు ఒక్కతే కూతురు. ఉద్యోగం బెంగళూరు కంపెనీలో. చేసేది మార్కాపురంలో, మేడ మీది గదిలో కూర్చుని. సాయంత్రం ఐదుకు డ్యూటీ ఎక్కుతుంది. దసరా పోయినప్పటి నుంచి ఆమె ల్యాప్‌టాప్‌కు ఏదో జబ్బు చేసింది. ఛార్జర్ పెట్టి ఉంచితే నడుస్తుంది గాని బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కదు. ఊళ్లో కరెంటు రెప్పపాటు పోయినా చాలు, ఆరిపోతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. దాని బ్యాటరీ ఎండాకాలంలోనే చచ్చింది. కొత్తది కొనడానికి ప్రభాకరరావు మంచి ధర కోసం కాచుకుని ఉన్నాడు. ఆయన కాచుకుని ఉన్న ఆ కాలంలో ఉష రెండుసార్లు మీటింగుల మధ్యలోంచి మాయమైంది. ఇంకొకసారి మాయమైతే ఇంటి నుంచి పని కట్టిపెట్టి బెంగళూరు వచ్చెయ్యమని మేనేజర్ అంజలి గట్టిగా చెప్పింది. ఈ సాయంత్రం ఐదుకే విదేశీ కస్టమర్ ముందు ఉష తన పని చూపించాలి.

"నాయనా, వెస్లీ అన్నకు ఇవే మాటలు చెప్పు" అంది ఉష గేటు దగ్గర. "ఛార్జర్ పెడితే నడుస్తాంది, బ్యాటరీకి ఎక్కట్లేదు. దసరా దాకా బాగుండె. ఐదు లోపల కావాల. ఛార్జర్ గూడ ఇచ్చి రా."

"ఆఫీసోళ్లకు చెప్పకూడదా?"

"చెప్తే ల్యాప్‌టాప్ తీసుకుని బెంగళూరుకు రమ్మంటారు. ఒకసారి పోతే మళ్ళీ ఈడికి పంపిస్తారా?"

ప్రభాకరరావు సంచి అందుకున్నాడు. ఆమె బెంగళూరు పోతే కలిగే నష్టాన్ని ఆయన ఎప్పుడో లెక్కగట్టి పెట్టుకున్నాడు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మేడ మీంచి ఇంగ్లీషులో నవ్వు వినపడుతుంది. మధ్యలో మైకు ఆపి, "నాయనా, కాళ్లు కడుక్కున్నావా?" అని కేక వినపడుతుంది. ఆ రెండూ పోతే వాటి బదులు ఏం పెట్టుకోవాలో ఆయనకు తోచలేదు. ఆ సంగతి కూతురికి మాత్రం ఎన్నడూ చెప్పలేదు. అవసరం చూపించకూడదు కదా. ఉష మేడ ఎక్కగానే, ఇంట్లోకి వచ్చి ఛార్జర్‌ను సంచిలోంచి తీసి టీవీ వెనక పెట్టేశాడు. అడగని వస్తువును చేతికిచ్చి రావడం ఆయన పద్ధతి కాదు. ల్యాప్‌టాప్ అడుగున కంపెనీ అంటించిన చీటీ ఒకటి ఉంటే, దాని మీద గోడౌనులో వాడే గోధుమరంగు టేపు అతికించాడు. కంపెనీ సొమ్మని తెలిస్తే రేటు పెరుగుతుంది.

వెస్లీ షాపు బస్టాండు వెనక వీధిలో ఉంది. అతను ఆదివారం చర్చిలో పాటలకు గిటారు వాయిస్తాడు. మిగతా రోజుల్లో ఊళ్లో చెడిన కంప్యూటర్లన్నీ విప్పుతాడు.

"రా చిన్నాయనా. ఏంది, రాళ్లు మోసే చేత్తో ల్యాప్‌టాప్ మోస్తాండావు?"

"చూడు, ఎట్లుందో."

"ఏమైంది దీనికి?"

"నువ్వే చూసి చెప్పు."

"ఎవరిది?"

"తెలిసినోళ్లది. అమ్ముతారంట. తీసుకుందామా అని."

ఈ మాట ప్రభాకరరావు దారిలోనే తయారుచేసుకున్నాడు. రిపేరుకు వచ్చిందంటే రోగం పెద్దదవుతుంది. కొనడానికంటే ఉన్నది ఉన్నట్టు చెబుతాడు. చెప్పింది విన్నాక, ఆ చిన్నది కాస్తా సరిచేసి పెట్టమంటే సరిపోతుంది.

"ఛార్జర్ ఏదీ?"

"ఇయ్యలేదు వాళ్లు."

వెస్లీ బల్ల కింది నుంచి ఒక ఛార్జర్ తీశాడు. ఏ ల్యాప్‌టాప్‌కు తగ్గ మొన దానికి మార్చుకునే రకం అది. పెట్టి చూస్తే ల్యాప్‌టాప్ వెలిగింది, బ్యాటరీకి మాత్రం ఎక్కలేదు. వెనక మూత విప్పి మీటరు ముళ్లు ఆనించాడు. ఛార్జింగ్ రంధ్రం దాకా కరెంటు వస్తోంది. బోర్డులోకీ పోతోంది. బ్యాటరీ గుమ్మం దగ్గర ఆగిపోతోంది. చివరికి రంధ్రంలోకి టార్చి కొట్టి నాలుక చప్పరించాడు.

"చిన్నాయనా, తుప్పు. ఎర్రగా, చూడు."

ప్రభాకరరావు చూశాడు. లోపల ఏదో ఎర్రగానే ఉంది.

"ఇది నీళ్లు తాగిన సరుకు. ఛార్జింగ్ ఐసీ, అదే ఛార్జింగ్ నడిపే చిప్పు, పోయింది. అది మార్చినా తుప్పు ఊరుకోదు, లోపలికి తింటానే పోతాది. కొనొద్దు. ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు."

"మరి చూసినందుకు ఎంత?"

"నీ కాడ ఏంది చిన్నాయనా. పో."

సరిగ్గా అక్కడ ప్రభాకరరావుకు అనుమానం పుట్టింది. క్వారీకి పోయినప్పుడు ఆయన కొన్ని రాళ్లను చూసి, మెట్లకు కూడా పనికిరావని పెదవి విరుస్తాడు. అట్లా పెదవి విరిచిన రాళ్లన్నీ తర్వాత ఆయన గోడౌనులోనే తేలుతాయి. కొనేవాడే సరుకును తిడతాడు. పైగా డబ్బు వద్దన్నాడు. అంటే వెస్లీ కన్ను దీని మీద పడింది. అంటే దీనికి పెద్ద జబ్బేమీ లేదు! ఆయన మనసు తేలికపడింది. కన్ను వేసినవాడి చేతికే రిపేరుకు ఇవ్వడం మాత్రం మంచిది కాదనుకున్నాడు. బండి బస్టాండులో వదిలి, ల్యాప్‌టాప్‌ను చంకలో పెట్టుకుని తిన్నగా గిద్దలూరు బస్సెక్కాడు.

వెస్లీ కన్ను దేని మీదా పడలేదు. పాపం చిన్నాయనను ఎవరో ముంచబోయారని అతనికి బాధ కలిగింది. విప్పినప్పుడు తీసిన ఫోటోను రిపేరు వాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. కర్నూలు రోడ్డు మీదున్న రిపేరు షాపులన్నీ ఆ గ్రూపులో ఉన్నాయి. 'నీళ్లు తాగిన సరుకు. ఎవరో అమ్మకానికి తిప్పుతున్నారు. అడుగున టేపు వేసి ఉంది. జాగ్రత్త' అని కింద రాశాడు. ఎగ్గొట్టే బేరగాళ్ల గురించి పలక రాయి వ్యాపారులకు కూడా అట్లాంటి గ్రూపే ఉంది. దాన్ని పెట్టింది ప్రభాకరరావే.

గిద్దలూరులో శ్రీకాంత్ మదర్‌బోర్డుల మీద చెయ్యి తిరిగినవాడు. నంద్యాల నుంచి కూడా బోర్డులు అతని దగ్గరికి వస్తాయి. బస్సు కంభం దాటేలోపు ప్రభాకరరావు తన లెక్కను సవరించుకున్నాడు. కొనేవాడిగా పోతే లోపాలే వినిపించాయి. ఈసారి అమ్మేవాడిగా పోవాలి. కస్టమరు జబ్బును ఎవరైనా పెంచి చెబుతారు. సొంత డబ్బు పెట్టి కొనేటప్పుడు మాత్రం తమను తాము మోసం చేసుకోరు. ఆ లెక్కలో తప్పు వెతకడం ఎవరి తరమూ కాదు. అంతలో ఫోను మోగింది.

"నాయనా, ఇచ్చినావా? ఏమన్నాడు?" అంది ఉష.

"చూస్తాండాడు."

"ఏంది, బస్సు హారన్ వినపడతాంది?"

"బస్టాండు ఎనకే గదా షాపు" అని ఆయన ఫోను పెట్టేశాడు.

శ్రీకాంత్ ల్యాప్‌టాప్‌ను చేతిలోకి తీసుకుని తిరగేశాడు. గోధుమరంగు టేపు చూడగానే అతని ముఖంలో చిన్న మార్పు వచ్చింది. జేబులోని ఫోను తీసి ఒకసారి చూసి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు.

"అమ్మకానికా అన్నా?"

"ఆఁ. చూసి, నీకు నచ్చితే నువ్వే తీసుకో."

"ఎవరన్నా విప్పినారా దీన్ని?"

"యాడిది? కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉంది."

విప్పిన ప్రతి స్క్రూ మీదా ఆ పొద్దుటి తాజా గీతలు మెరుస్తున్నాయి.

"పాస్‌వర్డ్ చెప్పన్నా, లోపల చూద్దాం" అన్నాడు శ్రీకాంత్, తన దగ్గరున్న ఛార్జర్ పెట్టి వెలిగించి, షాపు ఇంటర్నెట్టుకు కలుపుతూ.

"పాస్‌వర్డ్..." ప్రభాకరరావు కాసేపు ఆలోచించాడు. "గుర్తు లేదు."

శ్రీకాంత్ గోటితో టేపు కొస లేపాడు. కింద కంపెనీ పేరు, నంబరు, ఈ వస్తువు దొరికితే ఫోను చెయ్యమన్న మాట కనపడ్డాయి. టేపును మళ్ళీ ఒత్తి అతికించి లేచాడు.

"కూర్చో పెద్దాయనా. టీ చెప్పొస్తా."

అన్న కాస్తా పెద్దాయన అయ్యాడని ప్రభాకరరావు గమనించాడు. గౌరవం పెరిగిందనుకున్నాడు. శ్రీకాంత్ బయటికి పోయి చాలాసేపు ఫోనులో మాట్లాడాడు. తిరిగి వచ్చి, ఎండ కొడుతోందంటూ షట్టర్ సగానికి దించాడు. నిజంగానే టీ కూడా వచ్చింది. ప్రభాకరరావు లోలోపల మురిసిపోయాడు. ఆయన వ్యాపారంలో టీ తెప్పించి షట్టర్ సగానికి దించారంటే పెద్ద బేరం కుదరబోతున్నట్టే.

అదే సమయంలో మార్కాపురంలో ఉష ఫోను మోగింది. మేనేజర్ అంజలి.

"ఉషా, నీ ల్యాప్‌టాప్ ఎక్కడుంది?"

"ఇంట్లోనే ఉంది మేడం."

"గిద్దలూరులో ఎవరో పెద్దాయన దాన్ని అమ్ముతున్నాడట. షాపతను మన ఆఫీసుకు ఫోన్ చేశాడు. వెంటనే లాక్ చేయించాను. దొంగతనం జరిగితే చెప్పవా?"

కనుక్కుని చెప్తానని ఉష అంది. ఆ పెద్దాయన ఎవరై ఉంటాడో ఊహించడానికి ఆమెకు ఎక్కువసేపు పట్టలేదు. టీవీ వెనక ఛార్జర్ కనపడగానే ఆ ఊహ రూఢి అయింది. ఛార్జర్ పట్టుకుని, తల్లి రోశమ్మతో కలిసి వెస్లీ షాపుకు పరుగెత్తింది.

"అది మీదా?" వెస్లీ కుర్చీలోంచి లేచాడు. "ఎవరిదో అన్నాడే చిన్నాయన! నేను గ్రూపులో గూడ పెడితినే!"

"అమ్ముతాండాడా?" అంది రోశమ్మ గుండె మీద చెయ్యి వేసుకుని. "పోయినేడు నా కుట్టుమిషను గూడ ఇట్లనే, ఊరికే చూపిచ్చొస్తా అని తీసుకపోయినాడు."

గిద్దలూరంటే శ్రీకాంత్ షాపేనంటూ వెస్లీ షట్టర్ దించి కారు తీశాడు. అది పాత కారు. ఏ.సి. పని చెయ్యదు. దాన్ని అతను రిపేరుకు ఇవ్వడు, రిపేరు వాళ్లంటే అతనికి నమ్మకం లేదు. తర్లుపాడు రోడ్డు దాటేదాకా ఉష తండ్రికి ఫోను చేస్తూనే ఉంది. బేరం మధ్యలో ఫోను ఎత్తితే అవసరం బయటపడుతుందని ఆయన ఎత్తలేదు.

గిద్దలూరులో ఆ బేరం అప్పటికే వేరే దారి పట్టింది. ల్యాప్‌టాప్ తెర నల్లబడి, కంపెనీ దీన్ని లాక్ చేసిందన్న అక్షరాలు వచ్చాయి. శ్రీకాంత్ దాన్ని తన వైపు జరుపుకున్నాడు.

"నిజం చెప్తావా పెద్దాయనా, స్టేషన్‌కు పోదామా?"

టీ గ్లాసు ప్రభాకరరావు చేతిలోనే ఆగిపోయింది. జీవితంలో మొదటిసారి ఆయన ఉన్న మాట ఉన్నట్టు, ఏ టేపూ అతికించకుండా చెప్పాడు.

"అది మా అమ్మాయిది. రిపేరు చేయిద్దామని వచ్చినా."

శ్రీకాంత్ నవ్వి, ఫోనులోని ఫోటో ముందు పెట్టాడు. "పొద్దున మార్కాపురంలో తెలిసినోళ్లది. మధ్యాహ్నం ఈడ నీది. ఇప్పుడు మీ అమ్మాయిది. పొద్దు గూకేలోపల ఇంగ ఎవరిదైతాదో!"

ప్రభాకరరావు ఆ ఫోటో వంక చూస్తూ కూర్చున్నాడు. ఆయన చేతిలో ఎప్పుడూ లేనంత స్వచ్ఛమైన సరుకు ఇప్పుడుంది. కొనేవాడే లేడు. ఎగ్గొట్టాడంటూ తమ గ్రూపులో తాను పేరు పెట్టిన మనుషులు ఒక్కొక్కరే గుర్తుకొచ్చారు. వాళ్లలో ఎందరు ఇట్లా ఏదో ఒక షట్టర్ కింద కూర్చుని నిజం చెప్పి ఉంటారో ఆయన ఎప్పుడూ లెక్కగట్టలేదు.

సగం దించిన షట్టర్ కిందుగా ముందు రోశమ్మ వంగి వచ్చింది, తర్వాత ఉష, వెనక వెస్లీ.

"ఆయన మా నాయనే అన్నా. దొంగ కాదు" అంది ఉష.

"మరి అట్ల చెప్పలేదేమ్మా?"

"ఆయన ఎప్పుడూ ఏదీ అట్ల చెప్పడు."

"అమ్మేసినావా?" అంది రోశమ్మ.

"ఇంగ ఎవరు కొంటారు?" అన్నాడు ప్రభాకరరావు నీరసంగా.

గోడ మీది గడియారం నాలుగు దాటింది. శ్రీకాంత్ షట్టర్ పైకెత్తి, క్షమించమన్నట్టు తల గోక్కుని, ల్యాప్‌టాప్‌ను తీసి మైక్రోస్కోపు కింద పెట్టాడు. మైక్రోస్కోపులో కనపడేది గోడ మీది టీవీలో పెద్దదిగా కనపడుతుంది. ఛార్జింగ్ రంధ్రం టీవీ నిండా గుహలాగా తెరుచుకుంది. దాని నడుమ సన్నటి సూది ఒకటి నిలబడి ఉంది. సూది చుట్టూ అడుగున పసుపు, పైన ఎరుపు, గట్టిగా పేరుకుని ఉన్నాయి.

"చెప్పలే? తుప్పు" అన్నాడు వెస్లీ.

"తుప్పు ఇట్ల రెండు రంగుల్లో ఉంటాదా? ఏదో మందు కారినట్టుంది" అన్నాడు శ్రీకాంత్. "బ్యాటరీ లీకైందేమో."

"బ్యాటరీ ఆ పక్కనుంటే ఈ రంధ్రంలోకి ఎట్ల వస్తాది?"

"మరి నీళ్లెట్ల వస్తాయి?"

ఇద్దరి మధ్యా వాదం పెరిగింది. బోర్డు మొత్తం తీసి కడగాలని ఒకరు, ఐసీ మార్చాలని ఒకరు. కడిగి ఆరబెట్టాలంటే రేపటికి గాని కాదు. ఉష గడియారం వంక చూసి కుర్చీలో కూలబడింది. రోశమ్మ మాత్రం టీవీ దగ్గరికి పోయి, కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

"అబ్బాయ్, అది తుప్పు గాదు" అంది చివరికి, ఎవరి వంకా చూడకుండా. "నేను పెట్టిన బొట్టు."

వెస్లీ, శ్రీకాంత్ ఒకేసారి ఆమె వైపు తిరిగారు.

"ఆయుధపూజ నాడు అన్నిటికీ పెట్టినా గదా. కొడవలికైతే మొనకు పెడతాం. కాటాకైతే ముల్లు కాడ పెడతాం. దీనికి యాడ పెట్టాల? కరెంటు తినే నోరు అదే గదా అని ఆడ పెట్టినా. పసుపు ఎక్కువైందని పుల్లతో తీయబోతే ఇంగా లోపలికి పోయింది."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా?" అంది ఉష.

"పూజ చేసినాక పాడైందంటే మాట దేవుడి మీదికి పోతాది. ఎందుకులే అని."

వెస్లీ గొంతు సవరించుకున్నాడు. "నేనూ ఒక మాట చెప్పాల. ఈ రకానికి నడిమి సూది ముఖ్యం. ఛార్జర్ పెట్టంగానే ల్యాప్‌టాప్ ఆ సూది గుండా 'నువ్వెవరు?' అని అడుగుతాది. సొంత ఛార్జరైతే జవాబు చెప్తాది. జవాబు రాకుంటే కరెంటు వాడుకుంటాది గాని బ్యాటరీకి ఎక్కించుకోదు. నా కాడుండే ఛార్జర్‌కు ఆ జవాబు చెప్పడం రాదు. సరైనది ఎవరికో ఇచ్చి మర్చిపోయినా. ఆ సంగతి ఒప్పుకోలేక ఐసీ మీద పెట్టినా."

ప్రభాకరరావు ఆ సూది వంక చూశాడు. తానెవరో చెప్పనివాడి సొమ్ము లోపలికి తీసుకోనంటుంది! అట్లాంటి వ్యాపారిని ఆయన ఇంతవరకు చూడలేదు.

శ్రీకాంత్ సన్నటి బ్రష్షును స్పిరిట్‌లో ముంచి సూది చుట్టూ తుడిచాడు. టీవీలో పసుపు కొండలు, ఎర్ర కొండలు కరిగిపోయాయి. సూది ఇత్తడిలా మెరిసింది. ఉష తెచ్చిన సొంత ఛార్జర్ పెట్టగానే ల్యాప్‌టాప్ అంచున చిన్న తెల్ల దీపం వెలిగింది. దసరా తర్వాత ఆ దీపం వెలగడం ఇదే మొదటిసారి. వెస్లీ మీటరు పెట్టి చూసి, బ్యాటరీకి ఎక్కుతోందన్నాడు. జబ్బు నయమైంది, తాళం మాత్రం అట్లాగే ఉంది.

ఉష అంజలికి ఫోను చేసి స్పీకరు పెట్టింది. "మేడం, చిన్న పొరపాటు జరిగింది, అది..." అని ఆగింది. తల్లి వంక, తండ్రి వంక చూసింది. ఆ తర్వాత ఆగకుండా చెప్పుకుపోయింది. దసరా నుంచి ఛార్జింగ్ లేదని, మీటింగుల్లో మాయమైంది అందుకేనని, చెబితే బెంగళూరు రమ్మంటారని దాచానని, ఇందాక ఇంట్లోనే ఉందన్నది అబద్ధమని, రిపేరుకు నాయన చేతికిచ్చానని, అమ్మ పెట్టిన బొట్టు సంగతి కూడా వదలకుండా.



"ఆ పెద్దాయన మీ నాన్నగారా? ఒకసారి ఇవ్వు" అంది అంజలి. "ఏమండీ, రిపేరుకు తీసుకెళ్లి అమ్ముతున్నానని ఎందుకు చెప్పారు?"

ప్రభాకరరావు భుజం మీది తువ్వాలు తీసి చేతుల మీద కప్పుకున్నాడు. దాని కింద వేళ్లు కదిలాయి గాని, ఫోనుకు వేళ్లు కనపడవు. నోరు తెరవక తప్పలేదు.

"నా కూతురు ఇంట్లో ఉండాల మేడం. ఇది బాగుకాకుంటే బెంగళూరు వచ్చేస్తాది. అందుకని."

"కూతురు ఇంట్లో ఉండాలని ల్యాప్‌టాప్ అమ్ముతానన్నారా?"

"అవును మేడం."

చెప్పాక ఆ లెక్క ఆయనకే కుదిరినట్టు అనిపించలేదు. ఉష ఆయన వంకే చూస్తోంది.

"నాయనా, నేను ఇంట్లో ఉండాలని ఒక్కసారన్నా నాతో చెప్పినావా? నువ్వు ఏమీ అనకుంటే, నేనుండేది నీకు ఇష్టం లేదేమో అనుకుంటాండా."

ప్రభాకరరావు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. చెమటే.

"ఉషా, విను" అంది అంజలి. "కరెంటు పోయి నువ్వు ఆగిపోయావని నాకు కోపం రాలేదు. రెండుసార్లూ అడిగితే 'ఏం లేదు మేడం' అన్నావు. ఏం లేకుండానే మాయమయ్యే మనిషిని ఇంట్లో ఎట్లా ఉంచను? ఛార్జింగ్ ఎక్కడం లేదని అప్పుడే చెప్పి ఉంటే కొరియర్‌లో వేరేది పంపేదాన్ని. ఊళ్లల్లో ఉన్నవాళ్లకు పంపుతూనే ఉన్నాం. ఇప్పుడు తాళం తీయిస్తున్నాను. ఐదుకు మీటింగులో ఉండు. బయట విప్పించారు కాబట్టి అది వెనక్కి పంపెయ్యి, కొత్తది వస్తుంది."

ఐదుకు ఉష అదే షాపులో, శ్రీకాంత్ బల్ల ముందు కూర్చుంది. వెనక వేలాడుతున్న పాత బోర్డులు కనపడకుండా రోశమ్మ తన శాలువా పరిచి పట్టుకుంది. వెస్లీ గుమ్మంలో నిలబడి వచ్చిన కస్టమర్లను సైగతో ఆపాడు. ప్రభాకరరావు మూలన స్టూలు మీద కూర్చుని, అర్థం కాని ఇంగ్లీషును ఒక్క మాట వదలకుండా విన్నాడు.

మీటింగు సగంలో గిద్దలూరులో కరెంటు పోయింది.

ఫ్యాను నెమ్మదిగా ఆగింది. టీవీ ఆరింది. షాపు మసకబారింది. శాలువా పట్టుకున్న రోశమ్మ కళ్లు మూసుకుంది. శ్రీకాంత్ తన ఫోనులోంచి ఇంటర్నెట్టు ఇచ్చి, ల్యాప్‌టాప్ పక్కన చప్పుడు కాకుండా పెట్టాడు. తెర వెలుతురు ఉష ముఖం మీద అట్లాగే ఉంది. ఆమె గొంతు ఒక్క క్షణం తడబడి, మళ్ళీ సాగింది. కరెంటు వచ్చేదాకా ల్యాప్‌టాప్ ఆరలేదు. మీటింగు చివర్లో అవతలి నుంచి ఎవరో నవ్వారు, ఇవతల ఉష నవ్వింది. ఆ నవ్వు ప్రభాకరరావుకు తెలిసిందే. రోజూ మేడ మీంచి వినపడేది.

రాత్రి తిరుగు దారిలో వెస్లీ కారులో ప్రభాకరరావు ముందు సీట్లో కూర్చున్నాడు. కంభం దాటాక వెనక్కి తిరిగి, "ఇంట్లోనే ఉండమ్మా" అన్నాడు. ఉష సరేనంది. అంత పెద్ద బేరం అంత తొందరగా తెగడం ఆయన అనుభవంలో లేదు.

తర్వాతి వారం కొత్త ల్యాప్‌టాప్ వచ్చింది. రోశమ్మ మూత మీద, అందరూ చూస్తుండగా, చిన్న బొట్టు పెట్టింది. ప్రభాకరరావు ఇన్వర్టర్ బ్యాటరీ కొనడానికి బజారుకు పోయి, ఎన్నో ఏళ్లుగా తనను ఎరిగిన షాపువాడితో దాపరికం లేకుండా చెప్పాడు.

"నాకు ఈ రోజే కావాల. మా అమ్మాయి ఉద్యోగానికి. ఇది లేకుంటే కుదరదు. నీ ధర చెప్పు."

షాపువాడు ఆయన ముఖంలోకి కాసేపు పరిశీలనగా చూశాడు. ఇదేదో ఇంతవరకు చూడని ఎత్తు అనుకుని, భయపడి, ప్రభాకరరావు ఎండాకాలం నుంచి కాచుకుని ఉన్న ధర కన్నా తక్కువకే ఇచ్చేశాడు.

ఆ సంగతి మాత్రం ప్రభాకరరావు ఎవరికీ చెప్పలేదు.